గుండాటకు చేతులెత్తిన ఊరు

లక్ష్మణరావు మా కొండ సంతలో ఉప్పు, బట్టలు అమ్మే మైదానం షావుకారు. వాడి అసలు వ్యాపారం గుండాట. బొమ్మల పటం పరిచి, పాచికలు గిలకరించి జనాన్ని దోచేవాడు. పోలీసు జీపు చప్పుడైతే పటం చుట్టేసి ఒకటే పరుగు. ఆ ఏడు వాడికో కొత్త బుద్ధి పుట్టింది. గ్రామసభ తీర్మానం చేస్తే గుండాట కొట్టు బహిరంగంగా పెడతానన్నాడు. పంచాయతీకి పన్ను కడతాడట, ఊరికి బోరు వేయిస్తాడట!

నా మొగుడు గాసి దొంగచాటు ఆటలోనే మేకలన్నీ ఊడ్చిపెట్టాడు. మిగిలింది దుక్కిటెద్దుల జత. అందులో ఒక్కటి పోయినా మా మడి బీడే.

సభ చింతపండు ఏరే రోజుల్లో పెట్టారు. ఆడవాళ్లలో సగం మంది అడవిలోనే ఉండిపోయారు. షావుకారు ముందే మగవాళ్లకు కుండలకొద్దీ జీలుగు కల్లు పోయించాడు. మా దగ్గర ఒకడి కల్లు తాగి వాడికి అడ్డు చెబితే పరువు పోయినట్టే.

"సిగ్గునేదేటి మీకు? రేపు పిల్లలకేటి పెడతారు?" అని అరిచాను.

"కూకోయే సోములమ్మా, తాగీసినాం గదా" అంటూ గాసి చెయ్యెత్తాడు. తీర్మానం నెగ్గింది.

జనం బాగా వస్తారని షావుకారు కొట్టును చైత్రంలో మా కొండజనం చేసుకునే ఇటుకల పండగనాడే తెరిచాడు. మైదానం మనిషి, వాడికేం తెలుసు? ఆ పండగకు మా ఆడవాళ్లం తోవకు అడ్డంగా వెదురు కడతాం. మొగుడైనా మంత్రైనా ఏదో ఒకటి ఇచ్చే దాటాలి. ఊరికే దాటితే నెత్తిన పేడనీళ్లు. ఇచ్చినదంతా ఊరి ఆడవాళ్లందరి ఉమ్మడి సొత్తు.

ఆ రోజు వెదురు సరిగ్గా కొట్టు తోవకే కట్టాం. వచ్చినవాళ్ల జేబులు మా దగ్గరే ఖాళీ అయ్యాయి. షావుకారు పటం ముందు ఈగలు తోలుకుంటూ కూర్చున్నాడు.

మధ్యాహ్నం గాసి మా ఎర్రెద్దును తోలుకుంటూ వచ్చాడు. కొట్టు పక్కనే పశువుల బేరగాడున్నాడు. ఎద్దునమ్మి ఆడదామని బయల్దేరాడు, దొంగసచ్చినోడు! నాకు ఒళ్లు మండిపోయింది.

"ఏటిత్తావు?" అన్నాను.

"నా కాడేటీ నేదే. బేగి తియ్యి."

"సేతిలో తాడుంది గదా."

వాడి మొహం మాడిపోయింది. "సొంత మొగుణ్ణేటే..." అన్నాడు. నాతోపాటు వెదురు కాస్తున్న గంగ వెనకనుంచి పేడనీళ్ల కుండ ఎత్తింది. మగవాళ్లందరూ పగలబడి నవ్వారు. గాసి కాసేపు అటూ ఇటూ చూసి తాడు నా చేతిలో పెట్టాడు.

గెలిచానని ఎగరలేదు. నా ఎద్దు ఇక నాది కాదు, ఏడుపొచ్చింది. తొలకరికి దున్నుకోవాలంటే నేనూ గంగను, మిగతావాళ్లను అడగాలి. అడుగుతాను, ఇస్తారు. అమ్ముకోవాలంటే మాత్రం గాసి ఊళ్లో ప్రతి ఆడదాని గుమ్మం ఎక్కాలి.