మొదటి ఇల్లు

ఎనిమిదింటికల్లా ఆమె ఆ ఇంటి కిటికీలన్నీ మూసేసింది. వంటగదిలో నీళ్ళ తొట్టి కింది అర తలుపు మాత్రం బార్లా తెరిచింది. లోపల చెమ్మ పట్టిన గోడ ఉంది. ఆ వాసన మూడు గంటల్లో ఇల్లంతా పాకుతుంది. హాల్లో ఉన్న రెండు దీపాల్లో బాగా వెలిగేదాన్ని ఆర్పి, మినుకుమినుకుమనేదాన్ని వదిలేసింది. తలుపు తాళం వేసి, తాళంచెవిని గుత్తిలో వేసుకుని, అటూ ఇటూ చూసి గబగబా స్టేషను వైపు నడిచింది.

ఆఫీసులో ఆమెను తాళాలక్క అంటారు. ఇతర దేశాల నుంచి ఉద్యోగాలకు వచ్చేవాళ్ళకు ఈ మహానగరం చుట్టూ ఉన్న పేటలు తిప్పి చూపించి, ఎక్కడో ఒకచోట ఇల్లు కుదిర్చే ఆఫీసు అది. యజమానికి ఒక సిద్ధాంతం ఉంది. రోజుకు మూడిళ్ళు చూపించాలి. మొదటిది చూసి మనిషి బెదిరిపోవాలి, రెండోది చూసి జేబు తడుముకోవాలి, మూడోది చూసి ఊపిరి పీల్చుకోవాలి. ఊపిరి పీల్చుకున్నవాడు సంతకం పెట్టకుండా పోడు. ఆయన చెప్పినవాటిలో నిజమని తేలింది ఈ ఒక్కటే.

బెదిరిపోవడానికి ఏ పేట అయితే బాగుంటుందని యజమాని అడిగిన రోజున, అందరికంటే ముందు నోరు విప్పింది తాళాలక్కే. రైలు ఆఖరి స్టేషను అవతల, గోదాముల వెనక పేట అని చెప్పింది. తాను ఉండేది అక్కడేనని ఎవరికీ అనుమానం రాకూడదు మరి. ఆఫీసు కాగితాల్లో ఆమె చిరునామా కొండ మీది కాలనీలో, ఒకప్పుడు తాను ఇల్లు తుడిచిన ఒక డాక్టరమ్మది.

నిజానికి ఉండడానికి ఈ పేటను ఆమె ఎంచుకున్నదీ లేదు. పద్దెనిమిదేళ్ళ కిందట ఉద్యోగం ఇస్తానన్న మనిషి మొహం చాటేస్తే, పెట్టె పట్టుకుని రైలెక్కి, రైలు అంతకు మించి పోదు గనక ఇక్కడ దిగింది. దిగి బెంచీ మీద కూర్చుని ఏడుస్తుంటే, మెడలో టేపు వేసుకున్న ఒకాయన వచ్చి, "ఏ ఊరమ్మాయ్ మనది?" అన్నాడు తెలుగులో. ఆయన దర్జీ. ఆయన దుకాణం మీది గదిలోనే ఆమె ఈనాటికీ ఉంటోంది. జ్వరమొచ్చి నెల్లాళ్ళు మంచం దిగకపోతే గంజి కాచి తాగించిందీ, మొదటి ఉద్యోగానికి వెళ్ళే రోజున పాత కోటు విప్పి ఆమె కొలతకు మళ్ళీ కుట్టిందీ ఆయనే. ఆమె బాబాయ్ అంటుంది. పేటంతా కుట్టు బాబాయ్ అంటుంది.

ఆ రోజు వచ్చినవాళ్ళు తెలుగువాళ్ళు. వంతెనలు కట్టే కంపెనీకి వచ్చిన ఇంజనీరు, అతని భార్య, అతని తల్లి. భాష కలిసిందని ఇంజనీరు సంబరపడిపోయాడు. తాళాలక్కకు మాత్రం పొద్దున్నుంచే భయంగా ఉంది. సొంత భాషవాళ్ళు ఊరికే ఉండరు, వివరాలు అడుగుతారు.

పదకొండింటికి కారు పేటలోకి తిరిగింది. ఆ వేళకు గూడ్సు బండి వెళుతుంది, అందుకే పదకొండు. ఇన్నాళ్ళూ అవతలి వీధుల్లో ఇళ్ళు చూపించింది, తన వీధిలోది చూపించాల్సి రావడం ఇదే మొదటిసారి. ఇల్లు తెరవగానే కోడలు ముక్కుకు చున్నీ అడ్డం పెట్టుకుంది. ఇంజనీరు గోడ తట్టి చూసి పెదవి విరిచాడు. అంతా సిద్ధాంతం ప్రకారమే నడుస్తోంది.

పెద్దావిడ మాత్రం ఇంట్లోకి రానేలేదు. మోకాళ్ళు పట్టుకుని మెట్టు మీద కూర్చుని వీధి చూస్తోంది. మంగలి దుకాణం ముందు ఇద్దరు ముసలివాళ్ళు పోట్లాడుకుంటున్నారు. ఒకామె బట్టలారేస్తూ ఎదురింటామెతో కేకలేసి మాట్లాడుతోంది.

"ఒరేయ్, నాకిది నచ్చిందిరా. మీరిద్దరూ పొద్దున పోతే రాత్రికి గానీ రారు. ఇక్కడైతే కనీసం మనుషులు కనిపిస్తారు," అంది.

ఇంజనీరు ఇబ్బందిగా నవ్వి తాళాలక్క వైపు తిరిగాడు. "మీరు చెప్పండి. మీరైతే ఉంటారా ఇక్కడ?"

"నేనా?" అంది తాళాలక్క. మూడిళ్ళ అవతల దుకాణం ముందు నీళ్ళు చల్లుతున్న మనిషి చెంబుతో సహా ఇటే రావడం ఆమెకు కనిపించింది. చొక్కా నిండా దారం ముక్కలు, మెడలో టేపు. "నేనైతే చచ్చినా ఉండనండీ."

"అమ్మాయ్! ఈ వేళప్పుడు వచ్చేశావేం? ఒంట్లో బాగాలేదా?"

పెద్దావిడ మొహం విప్పారింది. "అరె, మనవాళ్ళే!"

తాళాలక్క ఆయన వైపు చూడలేదు. ఆయన భుజం మీదుగా ఎక్కడో గోదాము గోడను చూస్తూ, "నన్ను చూసి ఎవరో అనుకుంటున్నట్టున్నాడు. ఇక్కడ ఇలాంటివాళ్ళు ఉంటారు, పట్టించుకోకండి. కారెక్కండమ్మా," అంది. గొంతు కొంచెం కూడా వణకలేదు. అదే తర్వాత ఆమెను ఎక్కువ బాధపెట్టింది.

ఆయన చెంబు కింద పెట్టాడు. తర్వాత పెద్దావిడకు నమస్కారం పెట్టి, "అవునమ్మా, పొరబడ్డాను. కళ్ళు సరిగ్గా ఆనడం లేదు," అని వెనక్కి తిరిగాడు.

సూదిలో దారం ఒక్కసారికే ఎక్కించే మనిషి ఆయన.

కొండ మీద రెండో ఇల్లు చూసి ఇంజనీరు జేబు తడుముకున్నాడు. కొత్త టవర్లలో, పదకొండో అంతస్తులో ఉన్న మూడో ఇల్లు చూసి ఊపిరి పీల్చుకున్నాడు. అక్కడ కిటికీలన్నీ ముందు రోజే తీసిపెట్టి ఉన్నాయి. సంతకమైపోయింది. పెద్దావిడ కిటికీలోంచి కిందికి చూసింది. మనుషులు లేరు, కార్లు ఉన్నాయి.

"నువ్వెక్కడుంటావమ్మా? దగ్గరైతే ఎప్పుడైనా వస్తాను," అంది.

"కొండ మీది కాలనీలోనండీ," అంది తాళాలక్క. ఆవిడ ఆ జవాబు నమ్మి, దాన్ని మనసులో భద్రపరుచుకుంటున్నట్టు తలూపడం చూడలేక చెప్పుల వంక చూసుకుంది. ఈ ముసలామెను మనుషుల్లేని పదకొండో అంతస్తులో కూర్చోబెట్టింది తానే. ఇంతకాలం ఇది పనితనం అనుకుంది.

సాయంత్రం రైల్లో నిలబడి, బాబాయ్‌తో ఏం చెప్పాలో కూర్చుకుంది. కారులో యజమాని ఉన్నాడని చెబుదాం. తెలిసినవాళ్ళని పలకరిస్తే ఉద్యోగం పోతుందని చెబుదాం. రెండు స్టేషన్లు దాటాక గానీ తెలియలేదు, తాను కూర్చుకుంటున్నది క్షమాపణ కాదు, ఇంకో రెండు అబద్ధాలు. వేరే మాటలు వెతికింది, దొరకలేదు. ఆఖరి స్టేషను వచ్చేసింది.

దుకాణం తలుపులు తీసే ఉన్నాయి. మెట్ల మీద మంగలి ఒక్కడే కూర్చున్నాడు. ఆమెను చూసి లేచాడు.

"మధ్యాహ్నం రెండున్నరకక్కా. కుడుతూ కుడుతూ అలా వాలిపోయాడు. ఆసుపత్రికి తీసుకెళ్ళేసరికే అయిపోయిందన్నారు. గుండె అట, పోయినేడే రెండుసార్లు వచ్చిందట. మనకెవరికీ చెప్పలేదు."

తాళాలక్క గుమ్మం పట్టుకుంది. "నాకు ఫోన్ చెయ్యలేదేం?"

"చేద్దామనే అనుకున్నా. పన్నెండింటికి మా దుకాణానికొచ్చి మరీ చెప్పి వెళ్ళాడు కదా. మన అమ్మాయి ఆఫీసు పనిమీద ఈ వీధిలోకి వస్తుంది, అప్పుడెవరూ పలకరించకండి, తప్పు నాదే, నేనే నోరు జారాను, దాని ఉద్యోగానికి మాటొస్తుందీ అని. అందుకే చెయ్యలేదు." మంగలి జేబులోంచి ఒక కాగితం తీశాడు. "ఆసుపత్రివాళ్ళు ఇచ్చారు. చుట్టాలెవరైనా ఉంటే రాసిమ్మన్నారు. మీరేమవుతారక్కా ఆయనకి?"

వీధిలో బట్టలారేసిన ఆమె, పోట్లాడుకున్న ముసలివాళ్ళు అందరూ వచ్చి నిలబడ్డారు. వాళ్ళలో ఎవరూ ఆమెను పేరుపెట్టి పిలవలేదు, పలకరించలేదు. ఆయన మాట నిలబెడుతున్నారు.

"కూతురి వరస," అంది తాళాలక్క. ఆ మాట అనేసరికి ఆమెకు తల ఎత్తాలనిపించలేదు. కాగితం మీద రాసి, కింద చిరునామా దగ్గర ఆగి, ఈ వీధి పేరు, ఈ ఇంటి నంబరు రాసింది. పద్దెనిమిదేళ్ళలో ఒక కాగితం మీద అది రాయడం మొదటిసారి. చూసి మెచ్చుకోవాల్సిన మనిషి లేడు.

మంగలి కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళాడు. ఆమె దీపం వేసింది. కుట్టుమిషను మీద ఎవరిదో చిన్నపిల్లాడి నీలం నిక్కరు, ఒక కాలు కుట్టి, రెండో కాలు సగంలో ఆగి, సూది ఇంకా గుడ్డలోనే దిగి ఉంది.