తమ్ముడి ఎద్దు కన్ను

తమ్ముడు కోటేశ్వర్ ఎద్దుకు కన్ను మిగులుతుందని విన్న రోజు నారాయణయ్యకు సంగటి గొంతు దిగలేదు.

వాళ్లది ఉదయగిరి పక్క పల్లె. అన్నదమ్ములు వేరుపడినప్పుడు ఒకే ఆవుకు పుట్టిన రెండు ఎద్దులనూ చెరొకటి పంచుకున్నారు. సూరిగాడు అన్నకు, చంద్రిగాడు తమ్ముడికి. దుక్కి వచ్చిందంటే మాత్రం రెండింటినీ ఒకే కాడికి కట్టేవాళ్లు. పోయిన ఏడు సూరిగాడి కంటిరెప్ప మీద కండ పెరిగింది. క్యాన్సర్ అన్నారు. అది కనుగుడ్డులోకి పాకేసరికి కన్నే తీసేశారు. అప్పట్నుంచి టీ అంగడి దగ్గర ఎవరో ఒకరు "ఒంటికన్నోడు ఎట్టుండాడన్నా?" అని పలకరిస్తూనే ఉన్నారు.

ఈ ఏడు అదే కండ చంద్రిగాడికీ లేచింది. అందరితో పాటు నారాయణయ్య కూడా అయ్యో అన్నాడు. లోపల మాత్రం చల్లగా అనిపించింది. ఇక ఎవరి ఎద్దూ ఎవరి ఎద్దుకూ ఎక్కువ కాదు.

అంతలో ఆత్మకూరు పశువుల ఆసుపత్రికి కరెంటు వైద్యం వచ్చిందన్నారు. కన్ను తీసే పని లేదట.

"ఎప్పుడూ వాడికే," అన్నాడు భార్య సుబ్బరత్నమ్మతో. "పంపకాల్లో నీళ్లుండే బావి వాడికే పడింది. ఇప్పుడు కన్నూ వాడికే."

"ఎద్దు కన్ను మీద గూడా ఏడుస్తావా? ఇంకా నయం, మీ తమ్ముడి నెత్తిన జుట్టుండాదని ఏడవలేదు."

"అదీ ఉండాది," అన్నాడు బట్టతల తడుముకుంటూ.

ఆమెకు కూడా చెప్పని మాట ఒకటుంది. సూరిగాడి మిగిలిన కంటిరెప్ప లోపల జొన్నగింజంత ఎర్రటి పొక్కు లేచింది. రోజూ చూస్తూనే ఉన్నాడు. ఆ కరెంటు వైద్యం సంగతి తమ్ముణ్ణి అడగడానికి నోరు రావడం లేదు.

తెల్లారి కోటేశ్వరే వచ్చాడు. "అన్నా, చంద్రిగాడు ఆత్మకూరుకు పోను వ్యానెక్కనంటుండాడు. పక్కన సూరిగాడుంటేనే కదులుతాడు. పంపించన్నా."

"నా ఎద్దు కన్ను పొయ్యింది చాలక, నీ దానికి తోడు గూడా పంపాల్నా? పోరా."

కోటేశ్వర్ వెనక్కి తిరిగి వెళ్లాడు. వీధిలో చంద్రిగాడు అరిచాడు. కొట్టంలోంచి సూరిగాడు బదులు అరిచి, పలుపు తెంచుకునేట్టు లాగాడు. అరుపు వచ్చింది గుడ్డి కంటి వైపు. తల విసురుగా తిప్పేసరికి గుంజకు కొట్టుకున్నాడు. నారాయణయ్య పలుపు విప్పాడు.

"నీ కోసం కాదురా. నా ఎద్దు పోదామనింది, వస్తుండా," అంటూ బండెక్కాడు.

ఆత్మకూరులో డాక్టర్ జయశ్రీ చంద్రిగాడికి మత్తిచ్చి పడుకోబెట్టింది. కండలోకి మందు ఎక్కించి, సన్నటి సూదులు గుచ్చి, పక్కనున్న పెట్టె మీట నొక్కింది. టక్కుమన్నప్పుడల్లా ఎద్దు ఒళ్లు అదిరింది.

"మంచి కండ గూడా కాలిపోదామ్మా?" అన్నాడు నారాయణయ్య.

"ఇది కాల్చేది కాదు పెద్దాయనా. కరెంటు దెబ్బకు కణాలకు సన్నసన్న బొక్కలు పడి మందు లోపలికి పోతుంది. పెరగడమే పనిగా పెట్టుకున్న క్యాన్సర్ కణం ఆ మందుకు చస్తుంది. మంచివి చాలావరకు బొక్కలు పూడ్చుకొని బతుకుతాయి."

"పోయినేడు యాడ పెట్టినారమ్మా ఈ పెట్టెను?" గొంతులో మంట దాగలేదు.

"అప్పుడు మా దగ్గర లేదు. ఉన్నా, గుడ్డులోకి పాకినాక ఇది చాలదు. చిన్నగా ఉన్నప్పుడే తేవాలి."

నారాయణయ్య తమ్ముడి వైపు చూడకుండా లేచి వెళ్లి, సూరిగాణ్ణి ముకుతాడు పట్టుకుని తీసుకొచ్చాడు. రెప్ప కిందికి లాగి చూపించాడు.

కోటేశ్వర్ వంగి చూశాడు. "ఇదెప్పట్నుంచి ఉండాదన్నా? నాకొక మాట చెప్పకూడదా?"

"చెప్తే లోపల సంతోషపడతావని."

"నేనెందుకు సంతోషపడతా?"

నారాయణయ్య సూరిగాడి రెప్ప వదిలి, ముకుతాడు సరిచేశాడు.

"చిన్నదే," అంది డాక్టరమ్మ. "పరీక్షకు ముక్క తీసుకుని, వైద్యం కూడా ఈరోజే చేస్తాను. కన్ను నిలబడొచ్చు."

కోటేశ్వర్ సూరిగాడి గుడ్డి పక్కకు పోయి, ఎద్దు బెదరకుండా దాని మెడ మీద చెయ్యేసి నిలబడ్డాడు. మత్తెక్కి ఎద్దు మెల్లగా ఒరిగింది. డాక్టరమ్మ సూదులు అందుకుంటుంటే నారాయణయ్య ఆమె దగ్గరికి జరిగి గొంతు తగ్గించాడు.

"అమ్మా, వాడి దానికి వేసినదానికంటే మా దానికి ఒక దెబ్బ ఎక్కువే వెయ్యి."