పిడికెడు బియ్యం కుండ

అన్నమ్మ కొలకలూరికి కోడలుగా వచ్చిన రోజున అత్త అచ్చమ్మ నేర్పిన మొదటి పని, ఎసట్లో బియ్యం పొయ్యకముందే ఒక పిడికెడు తీసి గూట్లోని కుండలో వెయ్యడం. నెలాఖరు ఆదివారం ఆ బియ్యం గుడికి, అంటే ఊళ్లోని చర్చికి వెళ్లాలి. "మిగిలింది పెట్టడానికి దేవుడేమన్నా కుక్కా? ముందు ఆయనది తియ్యి" అనేది అచ్చమ్మ. నోరు మంచిది కాదు గానీ చెయ్యి మంచిది, ఆ తల్లిది.

ఆవిడ పోయినా, ముప్పై అయిదేళ్లుగా ఆ పిడికెడు తప్పలేదు.

ఈ ఏడాది వానలు కొంప ముంచాయి. చేలు మునిగి కూలి పనుల్లేకుండా పోయాయి. మొగుడు సామ్యేలు బురదలో జారి, కాలు విరిగి మంచమెక్కాడు. ఇంట్లోకొచ్చిన నీళ్లకు రేషన్ బియ్యం నాని కుళ్లిపోయాయి. ఎత్తున ఉండబట్టి కుండలోవే మిగిలాయి.

శనివారం పొద్దున అన్నమ్మ కుండ దించింది. మళ్లీ గూట్లో పెట్టింది. మళ్లీ దించింది.

"ఏంటే ఆ దించడం, ఎక్కించడం?" అన్నాడు సామ్యేలు.

"రేపే నెలాఖరు ఆదివారమయ్యా. ఇవి దేవుడివి."

"ఆయనకి ఆకలెయ్యదులే. నాకేస్తంది."

అన్నమ్మకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. నిన్నంతా ఆ మనిషి టీ నీళ్ల మీదే ఉన్నాడు. "తప్పయితే నన్నడుగు ప్రభువా, ఆయన్ని కాదు" అని కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుని, అన్నం వండింది. అన్నం రుచిగా ఉంది. ఆమెకు అదే మరీ బాధనిపించింది.

మర్నాడు గుడిలో కానుకల పాట మొదలైంది. ఆడవాళ్లు బియ్యం పట్టుకుని వరసగా నడిచే వేళ అది. అత్త ఉంటే ఏం చేసేది? ఆవిడ ఏ తప్పూ దాచేది కాదు. ఒకసారి పక్కింటి కోడిని కూరొండిన సంగతి కూడా అందరి ముందూ లేచి చెప్పే సాక్ష్యంలో చెప్పి గుడంతా నవ్వించింది. ఆ రోజులు తలుచుకుంటే అన్నమ్మకు గుండె కాస్త గట్టిపడింది. ఉత్త చేతులతో లేచింది.

"అయ్యగారండీ, ఈ నెల దేవుడి బియ్యం మేం వండుకు తినేశామండి. ఇంట్లో గింజ లేదు. దేవుడు నన్ను క్షమించాలి."

పాట ఆగిపోయింది. ముందు వరసలోంచి స్త్రీల సమాజం పెద్ద రూతమ్మ నిండు సంచీతో లేచింది. అన్నమ్మ తల దించుకుంది. రూతమ్మ సంచీ తిరగేసింది. అందులోంచి పాత చీర మడత జారి పడింది.

"నేనూ తినేశా వదినా. సిగ్గేసి చీర కుక్కి తెచ్చా."

పాస్టరుగారు కానుకల పళ్లెం కింద పెట్టారు. "ఇంకా ఎవరింట్లో గింజల్లేవో చెయ్యెత్తండమ్మా" అన్నారు.

సగం గుడి చెయ్యెత్తింది.