పెద్ద కనుమ ఎత్తు

అచ్చంపేటకు అడ్డంగా ఉన్న మా గుట్టల్లో రెండు కనుమలున్నాయి. ఎడమ బాటన అరగంట నడిస్తే చిన్న కనుమ, కుడి బాటన రెండు గంటలెక్కితే పెద్ద కనుమ. తెలంగాణ వచ్చిన మూడేళ్లకు, కనుమలు ఎక్కడెక్కడున్నాయో, ఎంత ఎత్తులో ఉన్నాయో రాసుకోవడానికి ఒక సర్వే సారు వచ్చాడు. పెద్ద కనుమకు దారి చూపమన్నాడు. మండే ఎండ, పైగా నా మోకాళ్ల నొప్పులు. చిన్న కనుమ దగ్గరే నిలబెట్టాను.

"పెద్ద కనుమ ఇదేనా జానయ్యా?"

"గిదే సార్."

మిషన్ పెట్టి 580 మీటర్లని రాసుకున్నాడు. ఎవడికేం నష్టంలే అనుకున్నాను. నా బుద్ధి గడ్డి తిన్నది!

నాలుగేళ్లకు, వానల్లో, కోడలు గ్లోరీకి నొప్పులొచ్చాయి. చిన్న కనుమ బాటకు వాగు అడ్డం. అచ్చంపేట వైపు నుంచి రెండు కనుమలకూ జీపు బాట ఉంది కనుక, నా కొడుకు సునీల్ అంబులెన్సును పెద్ద కనుమకు రమ్మన్నాడు. గ్లోరీని మంచం మీద మోసుకెళ్లాం. రెండు గంటలైనా బండి రాలేదు. ఫోన్ కలవలేదు.

"ఇంకెంత సేపు మామా?" అని ఆ పిల్ల నన్నే అడిగింది. తల్లీ బిడ్డా అక్కడే పోయారు. డ్రైవర్ ఫోన్‌లో మ్యాపు, ఆ సర్వే లెక్క ప్రకారమే, పెద్ద కనుమంటే చిన్న కనుమను చూపిందట. బండి అక్కడే ఆగి ఉంది.

"గా సర్వేవాడు దొరికితే సంపుత," అనేవాడు సునీల్. నేనూ తల ఊపేవాణ్ని.

పోయిన నెల ఆ సారే సరిచూడటానికి వచ్చాడు. "పాత లెక్క సరైనదే కదా?" అన్నాడు. పక్కనే సునీల్, పళ్లు నూరుతూ. ఔనంటే కొడుకు నాకు దక్కుతాడు. కానీ పక్కింటి దుర్గయ్య బిడ్డకు నెలలు నిండుతున్నాయి.

"కాదు సార్. కాళ్లు నొస్తున్నయని నేనే అవద్దమాడిన. నీకు జూపింది చిన్న కనుమ."

సునీల్ నా ముఖం చూడలేదు. సారును తీసుకుని కుడి బాట పట్టాడు. నేను పడుతూ లేస్తూ వెనకే వెళ్లాను. గ్లోరీ మంచం దింపిన చోటే మిషన్ పెట్టించాడు. 742 మీటర్లు.

"దారి చూపినవారి పేరు?" అన్నాడు సారు, కాగితం తీసి.

"సునీల్."

"తండ్రి?"

"లేడు సార్."

నేను పక్కనే నిలబడి ఉన్నాను.