చాలూబాయి

గుడ్డగొట్టం మూతిని డబ్బాలోకి దించి, నేల మీద గోనెపట్టా వేసుకుని గొంతుక్కూర్చుని, రెండు మోకాళ్ళ మధ్య డబ్బాను బిగించి పట్టుకుంది చిన్నమ్మి. మిల్లు యజమాని సాహు పైనుంచి గోధుమలు వదిలాడు. బెల్టు చప్పుడు పెరిగింది. వెచ్చటి పిండి జారిపడుతుంటే రెండు వేళ్ళ మధ్య నలిపి చూస్తూ ఉంది. కనుబొమలు, ముక్కుపుడక, మెడలో పసుపుతాడు అన్నీ తెల్లబడ్డాయి. తార్‌బహార్ పేటలో ఈ పిండిమిల్లు తలుపు తీసింది మొదలు మూసేదాకా ఆమె రంగు అదే.

డబ్బా నిండవచ్చింది. "చాలు," అంది.

కాటా పక్కన చెక్కపీట మీద కూర్చున్న అచ్చియమ్మ వెంటనే తల తిప్పి, "బస్ భయ్యా, బస్!" అని కేకేసింది. సాహు గింజలు ఆపాడు.

చిన్నమ్మికి ఒళ్ళు మండింది. తన నోట పుట్టిన మాట ఇంకొకత్తె నోట్లోంచి వెళితే తప్ప ఈ ఊరికి వినపడదు.

ఆమె బిలాస్‌పూర్ వచ్చిన కొత్తలో కూడా అంతే. మొగుడు అప్పలస్వామికి లోకోషెడ్డులో ఖలాసీ పని దొరికిందని, టెక్కలి పక్క పల్లె నుంచి ఒక రేకుపెట్టె పట్టుకుని వచ్చింది. ఇంత పెద్ద ఊరు, ఇన్ని పట్టాలు, ఇంత మంది జనం ఆమె ఎప్పుడూ చూడలేదు. ఉప్మాకి నూక పట్టించాలని ఈ మిల్లుకే బియ్యం తెచ్చింది. నూక దిగడం చూసి, "చాలు, చాలు!" అని అరిచింది. హిందీవాళ్ళకు ఆ మాట వింటే నడవనీ, సాగనీ అన్నట్టు ఉంటుంది. సాహు తలూపి రాళ్ళు ఇంకాస్త బిగించాడు. ఆమె ఇంకా గట్టిగా అరిచింది. అతను ఇంకా బిగించాడు. చివరికి నూక పోయి ముగ్గులాంటి పిండి మిగిలింది. వరసలో ఉన్నవాళ్ళంతా పొట్టలు పట్టుకుని నవ్వారు. ఆ రోజే ఆమెకు చాలూబాయి అని పేరు పడింది. ఆ మాటకు టక్కరిది అనే అర్థం కూడా ఉందని తర్వాత తెలిసింది. తెలుగువాళ్ళకు ఏది బరకగా కావాలో, ఏది మెత్తగా కావాలో చూసుకోవడానికి సాహు ఆమెనే పనికి పెట్టుకున్నాడు గానీ, పేరు మాత్రం పోలేదు.

ఆ నవ్వు విన్నాక ఆమె హిందీకి నోరు తెరవలేదు. అందరూ మాట్లాడేది అక్షరం పొల్లుపోకుండా అర్థమవుతుంది. బస్ అనే మాటా తెలుసు. నాలుక చివరిదాకా వస్తుంది, పళ్ళ దగ్గర ఆగిపోతుంది. తల ఊపడంతో, వేళ్ళు చూపించడంతో ఇన్నేళ్ళూ నెట్టుకొచ్చింది.

కిందటి వేసవిలో అచ్చియమ్మ దిగింది. మరిది బంగార్రాజు పెళ్ళాం. అతనికి రైలుపట్టాల పనిలో గ్యాంగుమన్ ఉద్యోగం వస్తే, ఇద్దరూ వచ్చి చిన్నమ్మి వాళ్ళ క్వార్టర్‌లోనే వసారా మూసుకుని ఉంటున్నారు. వచ్చిన వారానికే అచ్చియమ్మ బుధ్వారీ బజార్లో నూనె కొట్టువాడి దగ్గర సీసా పట్టుకుని "చాలు, చాలు" అంది. నూనె పొంగి చీర మీద పడింది. చూసినవాళ్ళు నవ్వేలోగా తనే నవ్వేసింది. వచ్చీరాని హిందీలో, "మా ఊళ్ళో చాలంటే ఆపమని భయ్యా! మీ ఊళ్ళో ఆపడమే తెలీదేటి?" అంది. కొట్టువాడు తనూ పకపక నవ్వి, పోయిన నూనెకు డబ్బులు తీసుకోలేదు.

అదే మాట. తనకేమో పేరై అంటుకుంది.

అప్పటినుంచి చిన్నమ్మి చూస్తూనే ఉంది. కుళాయి దగ్గర ఛత్తీస్‌గఢీ ఆడవాళ్ళు అచ్చియమ్మ బిందెకు చోటిస్తారు. కూరగాయల బండివాడు అడక్కుండానే కొత్తిమీర పడేస్తాడు. రాత్రి అన్నాల దగ్గర ఆమె ఆ రోజు మాట్లాడిన తప్పుల్ని చెబుతుంటే అప్పలస్వామి పొలమారేలా నవ్వుతాడు. అతను అలా నవ్వగలడని కాపురానికొచ్చిన ఇన్నేళ్ళలో చిన్నమ్మికి తెలియదు. అచ్చియమ్మ ఈ ఊరివాళ్ళలా కుడిభుజం మీదుగా పైట ముందుకు వేసుకుంటుంది. ఒకనాడు ఇంట్లో ఎవరూ లేనప్పుడు చిన్నమ్మి కూడా అలా వేసుకుని అద్దంలో చూసుకుంది. వెంటనే తీసేసింది. దసరా అయ్యాక సాహు అచ్చియమ్మను కూడా మిల్లులో కాటా దగ్గర పెట్టుకున్నాడు. సిర్గిట్టిలో పెట్టెలు కొట్టే వడ్రంగితో ఆమె కోసం పీట చేయించాడు. ఇన్నేళ్ళూ నేల మీద గొంతుక్కూర్చున్న మనిషికి ఒక చెక్కముక్క వేద్దామని అతనికి తోచలేదు.

ఈ రోజు పొద్దున్న బంగార్రాజు గడప దగ్గర నిలబడి తల గోక్కున్నాడు.

"వదినా, నన్ను కర్గీ రోడ్‌కి మార్సీసినారు. సాయంత్రం పాసింజరుకే ఎల్లాల. అక్కడ క్వార్టర్ నేదు, గ్యాంగోళ్ళ రేకులషెడ్డే. ఇది ఇక్కడే ఉంటానంటాది. నువ్వేటంటావు?"

చిన్నమ్మి మొగుడి వైపు చూసింది. అతను గుడ్డతో టిఫిన్ డబ్బా మూట కడుతూ, "నన్నడుగుతావేటి? ఇల్లు నీది. నీ మాటే మాట," అన్నాడు.

ఈ ఊరొచ్చాక ఆ మాట వినడం ఆమెకు అదే మొదలు. జవాబు చెప్పకుండా మిల్లుకు వచ్చేసింది. వెనకాలే అచ్చియమ్మ కూడా వచ్చి, ఏమీ జరగనట్టు పీట మీద కూర్చుంది. కానీ ఎవరితో మాట్లాడుతున్నా ఆమె కళ్ళు చిన్నమ్మి మీదే ఉన్నాయి.

ఎండ గుమ్మం దాటి లోపలికి వచ్చేసరికి గిరాకీ తగ్గింది. సాహు మోటారు ఆపి బీడీకి బయటికి వెళ్ళాడు. చెవుల్లో హోరు మాత్రం మిగిలింది. అచ్చియమ్మ పీట ముందుకు లాక్కుంది.

"అక్కా, నానుంటే నీకు కష్టమేటి? నీళ్ళు నానే తెస్తాను. వంట నానే సేస్తాను. ఆ షెడ్డులో మొగోళ్ళ మధ్య నానెలా ఉంటాను సెప్పు? ఇక్కడైతే అందరూ నన్ను బాగా సూస్తన్నారు. సాహు బాబు కూడా ఎల్లొద్దన్నాడు, నువ్వెల్లిపోతే చాలూబాయి మాట నాకెవలు సెప్తారని..."

"చాలు," అంది చిన్నమ్మి.

అచ్చియమ్మ ఆగిపోయింది. చిన్నమ్మి ముఖంలోకి ఒకసారి చూసి, మెల్లగా పీట మీద నుంచి లేచింది. చీరకు అంటిన పిండి దులుపుకుంది.

"సరే అక్కా," అంది.

బట్టలు సర్దుకోవడానికి ఇంటికి వెళ్ళింది. కాసేపటికి ఒక రిక్షా మిల్లు ముందు ఆగింది. బంగార్రాజు ఒడిలో అదే రేకుపెట్టె, చిన్నమ్మి ఈ ఊరికి తెచ్చుకున్నది. అప్పలస్వామి ఇచ్చి ఉంటాడు. అచ్చియమ్మ దిగి వచ్చింది. ఏడవలేదు.

"అక్కా, ఒక మాట. నాను రోజూ రేత్రి తప్పులన్నీ సెప్పి నవ్వీదాన్ని గదా. తప్పు పలికినప్పుడల్లా నువ్వు మూతి బిగించీదానివి. ఆ మూతి సూసి మర్నాడు దిద్దుకునీదాన్ని." గుమ్మంలోనే వంగి చిన్నమ్మి కాళ్ళు ముట్టుకుంది. "హిందీ నీ దగ్గరే నేర్సుకున్నాను. అక్కడ ఎవల మూతి సూడాలో మరి."

రిక్షా స్టేషన్ వైపు తిరిగింది. చిన్నమ్మి చెయ్యి ఎత్తలేదు. రెండు చేతులూ పిండిలో ఉన్నాయి.

సాయంత్రం గిరాకీ విరగబడింది. సాహు మోటారు వేశాడు. కర్గీ రోడ్ మీదుగా వెళ్ళే పాసింజరు కూత దూరంగా వినిపించి, బెల్టు చప్పుడులో కలిసిపోయింది. డబ్బా నిండుతోంది.

"చాలు," అంది చిన్నమ్మి.

పిండి పడుతూనే ఉంది. డబ్బా అంచు దాటింది.

"చాలు! చాలు!"

"హవ్ చాలూబాయి, చాలూ హే, చాలూ హే!" అని, మిల్లు నడుస్తూనే ఉందన్నట్టు పైనుంచి సాహు హుషారుగా అరిచి, మరో దోసెడు గింజలు వదిలాడు.

వరసలో ఎవరో నవ్వారు. వెచ్చటి పిండి పొంగి ఆమె మోకాళ్ళ మీదుగా, పాదాల మీదుగా నేల మీదికి జారిపోతోంది. ఆమె అలవాటుగా కాటా వైపు తల తిప్పింది. గోడలు, కాటా, సంచులు, మిల్లులో ఉన్నవన్నీ తెల్లగా ఉన్నాయి. పీట మీద అచ్చియమ్మ కూర్చున్నంత మేర మాత్రం చెక్క ఇంకా చెక్క రంగులోనే ఉంది.