గోచీ చీర మీద తోలు తొడుగులు

నేను ఒక్కదాన్ని కాను, జతను. ఎడమకాలికి ఒకటి, కుడికాలికి ఒకటి, రెండింటినీ నడుము దగ్గర కలిపే పట్టీ ఒకటి. చలికాలంలో మోటారుసైకిలు నడిపేవాళ్ళు వేసుకున్న బట్టల మీదనే నన్ను కట్టుకుంటారు. హైదరాబాదు దుకాణంలో నన్ను చాప్స్ అనేవారు. కాళ్ళ పొడుగునా పక్కన జిప్పు, ముందు బెల్టు, లోపల మెత్తటి అస్తరు. వెనక భాగం మాత్రం ఉండదు. అది దర్జీ మరుపు కాదు. బండెక్కినవాళ్ళకు అక్కడ ఎలాగూ సీటు ఉంటుంది కదా అని నన్ను కుట్టినవాళ్ళ ఆలోచన. ఆ ఆలోచన వినేదాకా ఎవరూ ఆగరు, ముందే నవ్వేస్తారు.

నన్ను మొదట కొన్నది సాకేత్ అనే కుర్రవాడు. మనుషులు బట్టలు ఎంచుకునే తీరు నాకు అక్కడే తెలిసింది. చలికి కావాలని వచ్చాడు, చలి గురించి ఒక్క మాటా అడగలేదు. అద్దం ముందు నిలబడి ఇటు తిరిగాడు, అటు తిరిగాడు, ఫోటో తీసి ఎవరికో పంపాడు. జవాబుగా ఏదో నవ్వుముఖం బొమ్మ వచ్చింది. అంతే, నేను అతనిదాన్నైపోయాను. బండి మీద కూర్చుంటే ఎలా ఉంటానో అతనికి తట్టనే లేదు.

డిసెంబరులో స్నేహితులతో కలిసి జలపాతం చూడటానికి ఆదిలాబాదు వైపు బయలుదేరాడు. దారిలో టీ దుకాణం దగ్గర దిగగానే వెనకనుంచి ఒకడు కేకేశాడు.

"ఒరేయ్ సాకేత్, ముందు గుమ్మానికి తోలు తలుపులు పెట్టించి దొడ్డిగుమ్మం తెరిచే వదిలేశావేంట్రా!"

అందరూ టీ ఒలికేలా నవ్వారు. సాకేత్ కూడా నవ్వాడు. కానీ మలుపు దాటగానే నన్ను విప్పి సంచిలో కుక్కాడు. మిగతా దారంతా వణుకుతూ పోయాడు. వణికేవాణ్ణి ఎవరూ వెక్కిరించలేదు.

ఆ తర్వాత నా కాపురం అటక మీద. ఒకరోజు వాళ్ళమ్మ పాతబట్టలకు స్టీలుసామాన్లిచ్చే ఆమెను పిలిచింది. ఆమె నన్ను తిప్పి చూసి, "సగమే ఉందమ్మా ఇది" అని పెదవి విరిచింది. నాకూ, మాసిన చొక్కాలు రెంటికీ కలిపి ఒక గరిటె ఇచ్చింది.

మూటలు మారి మారి చివరకు ఆదిలాబాదు పల్లెల్లో ఒక వారపు అంగడికి చేరాను. అక్కడ పాతబట్టలమ్మే ఖాజాభాయ్, నన్నెవరూ కొనకపోయేసరికి, మడిచి కింద వేసుకుని కూర్చునేవాడు. వెనక లేని నేను ఇంకొకరి వెనకకు ఆసరా అయ్యాను.

సుభద్రాబాయి తన అత్త కేశరబాయిని వెంటబెట్టుకుని అక్కడికే వచ్చింది. సుభద్రాబాయి నలభై దాటిన మనిషి. గోచీ పోసి కట్టిన చీర, పిక్కల దాకానే ఉంది. ఆమె సంగతులు నాకు తర్వాత వాళ్ళింటి మాటల్లో తెలిశాయి. భర్త పుండలీక్ నడుము దెబ్బతిని మంచం పట్టాక ఆయన మోటారుసైకిలూ, ఆయన పాల లైనూ ఆమె చేతికొచ్చాయి. తెల్లవారకముందే నాలుగు ఊళ్ళు తిరిగి, క్యాన్లలో పాలు పోయించుకుని, టాంకరు కదిలేలోపు పాలకేంద్రానికి చేర్చాలి. వానాకాలమంతా బాగానే సాగింది. చలి ముదిరాక మోకాళ్ళు బిగుసుకుపోయి బ్రేకు మీద కాలు ఆనడం మానేసింది. ఊరూరా చలిమంట దగ్గర ఆగి కాళ్ళు కాచుకోవాల్సి వచ్చేది. అలా రెండుసార్లు ఆమె చేరేసరికి టాంకరు వెళ్ళిపోయింది. కేంద్రం చూసుకునే లింగన్న, ఇంకొక్కసారి ఇలా అయితే లైను ఆటో ఉన్నవాళ్ళకిస్తానని మొహం మీదే చెప్పేశాడు. ఆ ఇంటికి ఆ పాలు తప్ప మరో ఆధారం లేదు.

ఖాజాభాయ్ ముందు వానప్యాంటు చూపించాడు. గోచీ మడతలు వెనక ముద్దకట్టి అది నడుము దాకా ఎక్కలేదు.

"చీర ఇడ్సి ఏసుకోరాదక్కా?"

"చీర ఇడిస్తే నన్ను నేనే గుర్తువట్ట, భాయ్. నీ కింద ఉన్నదేంది?"

ఖాజాభాయ్ లేచి నన్ను దులిపాడు. "ఇదా? వద్దక్కా, నవ్వుతరు."

కేశరబాయి అప్పటికే నవ్వుతోంది. "ఓ యవ్వా! దీనికి ఎనకదిక్కే లేదేందే! కుట్టేటోడు నడిమిట్ల లేసిపోయిండా?"

సుభద్రాబాయి నవ్వలేదు. నా వెనక ఖాళీని చూస్తూ నిలబడింది. అంతసేపు నన్నెవరూ చూడలేదు. తర్వాత చీర మీదనే నన్ను చుట్టి బెల్టు బిగించింది. గోచీ మడతలు ఆ ఖాళీలో ఒదిగి కూర్చున్నాయి. ఏ దేశంలోనో గుర్రాలెక్కే మగవాళ్ళ కోసం పుట్టిన తొడుగు నేను. ఆ గోచీ మీద నుంచే కొలత తీసి కుట్టినట్టు అమరిపోయాను.

కానీ నా అంచులు నేల ఊడుస్తున్నాయి. సాకేత్ పొడుగరి మరి.

"జానెడు కోసెయ్" అని కేశరబాయి తీర్పు చెప్పింది. ఖాజాభాయ్ కత్తెర అందుకున్నాడు. నాకు గుండె ఉంటే ఆగిపోయేది.

"ఆగు భాయ్! నేను దీంతోని నడుస్తనా, బండి మీద కూసుంటనా?"

అంచులు ఎత్తిపట్టుకుని బండి దగ్గరికి పోయింది. ఎక్కి కూర్చుని, మోకాళ్ళు వంచి, బ్రేకు మీద పాదం పెట్టింది. నేను పైకి జరిగాను. నా అంచు సరిగ్గా ఆమె చీలమండ మీద వచ్చి ఆగింది. కోసి ఉంటే గాలికి సగం పిక్క వదిలేసేదాన్ని. ఆమె కాళ్ళు రెండుమూడుసార్లు ఆడించి, తొడ దగ్గర పట్టేస్తోందని బెల్టు ఒక రంధ్రం వదులు చేసుకుంది.

"ఇయ్యాల సర్కసా అక్కా?" అంది ఉల్లిగడ్డలమ్మే ఆమె.

"అవును. టికెట్టు లేదు, కడుపునిండ సూడు."

ఇంట్లో పుండలీక్ మంచం మీద నుంచి నన్ను చూశాడు. "నా ప్యాంట్లన్నీ వద్దన్నవ్, గీ సగం ప్యాంటు తెచ్చుకున్నవా?"

"నీయి నిండుగున్నయ్. నాకు సగమే సాలు."

మర్నాడు పొగమంచులో బయలుదేరాం. గాలి నన్ను కొరికింది, చల్లటి పాలక్యాన్లు రెండువైపులా ఒరుసుకున్నాయి. కొరికించుకోవడమే నా పని. లోపల ఆమె మోకాళ్ళు వెచ్చగా కదులుతూ ఉన్నాయి. మొదటి ఊరి చలిమంట దగ్గర ఎవరో పిలిచారు. "సుభద్రక్కా, కాళ్ళు కాసుకోవా?"

"కాగినయ్ తమ్మీ!" అని ఆగకుండా పోయింది.

మూడో ఊళ్ళో దూడ పలుపు తెంపుకోవడంతో పాలు పిండడం ఆలస్యమైంది. ఆమె క్యాను మీద వేళ్ళతో కొడుతూ నిలబడింది. ఆపైన కల్వర్టు దిగుడులో పొగమంచు నుంచి హఠాత్తుగా ఎడ్లబండి ఎదురొచ్చింది. ఆమె కాలు బ్రేకు మీద గట్టిగా దిగింది. బండి ఆగింది. చుక్క పాలు ఒలకలేదు. ముందురోజైతే ఆ కాలు మాట వినేది కాదు.

కేంద్రం చేరేసరికి టాంకరు ఇంజిను మోగుతోంది, కానీ అక్కడే ఉంది. లింగన్న ఆమె కాళ్ళు చూసి నోరు తెరిచాడు.

"ఏందక్కా గిది, సినిమా షూటింగా?"

"ముందు పాలు వట్టు. షూటింగ్ ఎనక."

ఆ తర్వాత టాంకరు ఆమెను వదిలి పోలేదు. ఆటో మాట లింగన్న మళ్ళీ ఎత్తలేదు. సంక్రాంతి దాటాక ఒక ఉదయం తల గోక్కుంటూ వచ్చాడు.

"గుట్ట మీది గూడెం పాలు తెచ్చేటోళ్ళు లేరక్కా. ఆడ చలి ఇంకింత ఉంటది, ఎవ్వలు పోతలేరు. నువ్వు పోతవా?"

"ఎన్ని బర్రెలున్నయ్?" అందామె. అదే ఒప్పుకోలు.

గూడెంలో మొదటిరోజు ఒక ముసలామె పాలు పోసి, వంగి నన్ను తడిమింది.

"ఏం తోలు బిడ్డా ఇది?"

"బర్రెదంట అవ్వా."

"పాలూ బర్రెయే, కాళ్ళకూ బర్రెయేనా! ఇగ ఇంటిపేరు గూడ మార్చుకో."

ఇద్దరూ నవ్వుతుండగా పాకలోంచి ఒక బర్రె మెడ చాచి నా మోకాలు వాసన చూసింది. తర్వాత గరుకు నాలుకతో నెమ్మదిగా నాకడం మొదలుపెట్టింది. నేను ఎవరి ఒంటిమీద పెరిగానో నాకు గుర్తులేదు. ఆ నాలుక మాత్రం కొత్తగా అనిపించలేదు.

"హే, పో!" అని ముసలామె చెయ్యెత్తింది.

సుభద్రాబాయి కాలు వెనక్కి తీసుకోలేదు.

"నాకనియ్ అవ్వా. టాంకరుకు ఇంకా టైమున్నది."