వంటింటి పడమటి గోడ

కలైయరసి ఎండుమిరపకాయలు వేయించిందంటే పక్కనున్న చర్చిలో పాదిరిగారు కూడా తుమ్మాల్సిందే. తమిళనాడులో గుడియాత్తం దగ్గరి ఆ పల్లెలో తెల్లదొరల కాలంనాటి చర్చి ఉంది, దాన్ని ఆనుకుని కాపలాదారు ఇల్లు. కాపలాదారు ఆమె మొగుడు డానియల్. జీతం అతనిది. చర్చి ఊడ్చేదీ, కమిటీవాళ్ళకు టీలు కాచేదీ కలైయరసి. ఇంట్లో గ్యాసు లేక కాదు, కట్టెలపొయ్యి మీద కాగిన పులుసైతేనే డానియల్‌కు ముద్ద దిగుతుంది. వంటింటికి కిటికీ లేదు. పొగంతా ఆమె కళ్ళల్లోకే.

కాపురానికొచ్చిన కొత్తలోనే అడిగింది, మేస్త్రీ పని తెలిసినవాడివే కదా, ఒక చిన్న కిటికీ పెట్టమని. "నూరేండ్ల గోడ అది. ముట్టుకుంటే ఇల్లే కూలతాది" అన్నాడు. మేమంతా ఈ పొగలోనే వండి బతకలేదా, నీకేమొచ్చింది రోగం అనేది అత్త, పోయేదాకా. ప్రార్థన మధ్యలో దగ్గొస్తే డానియల్ వెనక్కి తిరిగి చూసే చూపుకు కొంగు నోట్లో కుక్కుకునేది. పోనీలే, గోడ అట్లాంటిదైతే వాళ్ళు మాత్రం ఏం చేస్తారని సరిపెట్టుకుంది. కోపమంతా గోడమీదే చూపించేది. ఒళ్ళు మండినప్పుడు దాన్నే తిట్టేది, మనసు బాగాలేనప్పుడు దానికే చెప్పుకునేది.

ఈ ఏడు పురావస్తు శాఖవాళ్ళు చర్చినీ ఇంటినీ కలిపి రక్షిత కట్టడమన్నారు. హాని చేస్తే శిక్ష అని గేటు పక్కన బోర్డు పెట్టారు. గోడ దగ్గితే వేలూరు నుంచి జీపొస్తుంది కాబోలని ఆమె నవ్వుకుంది. నవ్వుతుంటే కళ్ళెందుకు తడిశాయో ఆమెకే తెలియలేదు.

జీపు నిజంగానే వచ్చింది. అందులో వచ్చిన ఇంజనీరమ్మ కవిప్రియ గోడలన్నీ చిన్న సుత్తితో తట్టుకుంటూ వంటింట్లోకొచ్చి, పడమటి గోడ దగ్గర ఆగింది. మళ్ళీ తట్టింది. పైపూత కొంచెం గీకితే లోపల సున్నం కాదు, సిమెంటు.

"ఇక్కడ కిటికీ ఉండేది. ఇరవై ఏండ్ల లోపలే మూసుండారు. ఎవరు మూసినారు?"

డానియల్ నేలచూపులు చూశాడు. "నేనే మేడమ్. పెండ్లికి ముందు. కొత్త కోడలు రోడ్డు చూస్తా నిలబడతాదని మా అమ్మ మూయమనింది."

కలైయరసికి ఏ కోపం ముందు రావాలో తెలియలేదు. పోయిన అత్తమీదా? తన ముఖమైనా సరిగ్గా చూడకముందే ఇటుక మీద ఇటుక పేర్చి, ఆ తర్వాత నూరేండ్ల గోడ అని చెప్పిన మొగుడిమీదా? లేక ఆ మాట నమ్మి ఇన్నేళ్ళూ దగ్గిన తనమీదా? ఉన్నట్టుండి గోడమీద జాలేసింది. పాపం, దానికేం తెలుసు. కిటికీ ఉందని సంతోషించాలో, ఉండి కూడా లేకుండా పోయిందని ఏడవాలో పాలుపోక, కలపక్కర్లేని పులుసునే కలుపుతూ ఉండిపోయింది.

పాతది ముందున్నట్టే ఉండాలి గనక కిటికీ తెరవాల్సిందేనంది కవిప్రియ. కాకపోతే పైనుంచి అనుమతి రావాలట, నెలలు పట్టొచ్చట, అంతదాకా గోడమీద ఎవరూ చెయ్యి వెయ్యకూడదట. డానియల్ వెంటనే అట్నే మేడమ్, అట్నే అని తలూపాడు. తను అడిగితే ఒక్కసారైనా ఊగని తల అది.

జీపు వెళ్ళిపోయింది. పొయ్యి ఆరిపోవస్తోంది. డానియల్ ఏమీ జరగనట్టే పీట వాల్చుకుని కూర్చున్నాడు. "ఆకలవతా ఉండాది. ఊదు."

ఆమె అలవాటుగా ఊదుగొట్టం తీసుకుని వంగబోయి, ఆగింది. ఒక్క క్షణం దాన్నే చూసి అతని చేతిలో పెట్టింది.

"ఈ కిటికీ తెరిచేదాకా పొయ్యి నీది."

బయటికొచ్చి, గేటు పట్టుకుని, రోడ్డు చూస్తూ నిలబడింది.